ముందు వరుసలో ముసలివాళ్లు

యూనివర్సిటీ గేమింగ్ జట్టులో ఇక మిగిలింది ఒక్క చోటే. దానికోసం సింధూజ, శశిభూషణ్ తలపడాలి. క్యాంపస్‌లోని కంప్యూటర్లు ఆ ఆటను మోయలేవు కాబట్టి అందరూ తార్నాకలోని గేమింగ్ సెంటర్‌కు వచ్చారు. గెలిచినవాళ్లు జట్టుతో పుణె పోటీకి వెళ్తారు. ఓడినవాళ్లు ఇంటికి.

ఆట రోమన్ల కాలంనాటి యుద్ధం. ఇద్దరికీ సమానంగా నాణేలిస్తారు, వాటితో ఎవరి సైన్యాన్ని వాళ్లు కూర్చుకోవాలి. సింధూజ చాలామటుకు ట్రియారీల మీదే పెట్టింది. వాళ్లు యుద్ధాల్లోనే తల నెరిసిన ఈటెల మనుషులు. మిగిలినదానితో కొత్తగా చేరిన కుర్రవాళ్లను, కాసిని గుర్రాలను తీసుకుంది. శశిభూషణ్ బల్లేలు విసిరేవాళ్లను, గుర్రాలను దండిగా కొన్నాడు.

రోమన్లు కుర్రవాళ్లను ముందు నిలిపి, ముసలివాళ్లను చివరిదాకా దాచుకునేవాళ్లని జట్టులో అందరికీ తెలుసు. ఆమెకూ తెలుసు. అయినా ముసలివాళ్లనే ముందుకు లాగింది. వెనక నిలబడ్డ స్నేహితుడు సాయితేజ వంగి చూశాడు.

“ఉల్టా పెడుతున్నవేంది?”

“పోరగాండ్లను ముంగట పెట్టి పెద్దోళ్లు ఎన్క దాక్కుంటరా? మా ఇంట్ల గట్ల నడ్వది.”

ఆమె ఉండే మాణికేశ్వర్ నగర్‌లో బోనమెత్తినా, పిల్లను చూడబోయినా, మోకాళ్లు పట్టుకుపోయిన తాత లక్ష్మీనర్సయ్యే అందరికన్నా ముందు నడుస్తాడు. ఆమె ఎరిగిన పద్ధతి అదే.

మొదట్లో ముసలివాళ్లు గోడలా నిలబడ్డారు. కానీ శశిభూషణ్ మనుషులు దగ్గరికి రారు. బల్లెం విసరడం, వెనక్కి పరుగెత్తడం. ముసలివాళ్లు వెంటపడతారు, అందుకోలేరు, ఆయాసపడతారు. తెర మీద వాళ్ల ఓపిక చూపే గీత పచ్చ నుంచి పసుపుకు, పసుపు నుంచి ఎరుపుకు దిగింది. సింధూజ అరచేతులకు చెమట పట్టింది. వెనక్కి పిలిస్తే శత్రువుకు వీపు చూపినట్టే. పిలవకపోతే ఉన్నచోటే కూలతారు. ఎటూ తేల్చుకోకముందే కుడివైపు దుమ్ము లేచింది. శశిభూషణ్ గుర్రాలు చుట్టూ తిరిగొచ్చి పక్కనుంచి ముసలివాళ్ల మీద పడ్డాయి.

ఒక దళం మీద, పారిపోతోందన్న గుర్తుగా తెల్లజెండా లేచింది. తర్వాత పక్కదాని మీద.

కుర్రవాళ్లున్నారు కదా అనుకుంది. వాళ్లలో ఒక్కరికీ గాయం కాలేదు. వాళ్లను ముందుకు పంపింది. కాస్త దూరం నడిచి ఆగిపోయారు. తమ పెద్దవాళ్లు ఎదురు పరుగెత్తుకొస్తుంటే చూసి, వాళ్లూ వెనుదిరిగారు. ఎంత నొక్కినా మాట వినలేదు.

“పెద్దోళ్లే ఉరికినంక పోరగాండ్లు ఏం నిలవడతరు,” అన్నాడు సాయితేజ మెల్లగా.

శశిభూషణ్ ఆమెతో చేయి కలిపి, తడిసిన చేతిని ప్యాంటుకు తుడుచుకున్నాడు. ఆమె చూడనట్టే ఉంది. జట్టు కెప్టెన్ మనీషా అతని పేరు పోటీవాళ్లకు ఫోన్‌లో పంపించి, ఇటు తిరిగింది.

“నువ్వూ రిజర్వుగా పుణె వస్తావా సింధూజా? మాలో ఎవరికైనా ఒంట్లో బాగోకపోతేనే నీకు ఆట దొరుకుతుంది మరి...”

“వస్తా,” అంది, ఆ మాట పూర్తికాకముందే.

అన్నాక సిగ్గేసింది. తల దించుకుని, జట్టులో తరచు జలుబు చేసేది ఎవరికా అని ఆలోచించసాగింది.