నేల నాది, ఆకాశం అన్నయ్యది

పాతకాలపు కొండల ఫొటోలు చూసి మేం రంగుల్లో పెద్ద బొమ్మలు వేస్తాం. ఆకాశం అన్నయ్యది, నేల నాది. నేను వేసేటప్పుడు ఫొటో పై సగం కాగితంతో కప్పేస్తాను; ఆయన కింది సగం కప్పేస్తాడు. ఒకరి పనిలో ఒకరు వేలు పెడితే ఇల్లు పీకి పందిరేస్తాం మరి.

ఆ ఉదయం నీటి శాఖ ఇంజినీరు మా బొమ్మ ఒకటి మోసుకొచ్చాడు.

"ఇందులో ఏరున్న చోటే బావి తవ్వించాను. నలభై అడుగులు తవ్వినా చుక్క లేదు. అసలు ఫొటో చూపించండి."

"మా చెల్లి ఉన్నదే వేస్తుందండీ," అంటూ అన్నయ్య ఫొటో, భూతద్దం ఇచ్చాడు. వేసేటప్పుడు రాని అనుమానం నాకు అప్పుడొచ్చింది.

ఇంజినీరు వేలు తెల్లటి ఏటి వెంట కొండ మీదికి పాకింది. కొండ అయిపోయింది. వేలు ఆగలేదు. ఆ తెల్లదనం మబ్బుల్ని చీల్చుకుంటూ ఫొటో అంచుదాకా పోయింది.

"ఏరు ఆకాశంలో కూడా పారుతుందా అమ్మా?"

నేను అన్నయ్యకేసి చూశాను.

"అది ఫొటో మీద పడ్డ గీత," అన్నాడు నెమ్మదిగా. "నా సగంలో వేయకుండా వదిలేశాను. కింద ఏముందో నేనెప్పుడు చూశాను?"