ఆదివారాల వసాబి

నేను ఒక చిన్న రాగి తురుముపీటను. పీట అన్నాను కదా అని మీద కూర్చునేంత పెద్దగా ఊహించుకోకండి, అరచేతిలో ఇమిడిపోతాను. టోక్యోలో ఒక ముసలి పనివాడు నన్ను రాగిరేకు నుంచి కత్తిరించి, తగరం పూత పూసి, ఉలితో ఒక్కొక్క పన్నూ పైకి లేపాడు. పళ్ళు వరస తప్పాయని నన్ను వెక్కిరించేవాళ్ళున్నారు. చేత్తో లేపిన పళ్ళు అలాగే ఉంటాయి. అందుకే నా మీద ఏ దుంపా ఇరుక్కోదు.

నా మొదటి కొలువు ఇజు అనే చోట, రైలు స్టేషన్‌కు ఎదురుగా ఉన్న చిన్న హోటల్లో. ఆ కొండల్లో, చల్లటి వాగు నీళ్ళలో వసాబి అనే పచ్చటి దుంప పెరుగుతుంది. వచ్చి కూర్చున్నవాళ్ళకి వేడన్నం, దాని మీద ఎండుచేప పొరలు, పక్కన ఒక వసాబి దుంప, ఒక తురుముపీట ఇస్తారు. ఎవరి వసాబి వాళ్ళే తురుముకోవాలి, ఎందుకంటే కాసేపటికే దాని ఘాటు ఎగిరిపోతుంది. ఇంతమాత్రానికి టోక్యో జనం పొద్దున్నే రైలెక్కి, సముద్రం పక్కగా అంత దూరం వచ్చి, గిన్నెడు అన్నం తిని, సాయంత్రానికి ఇంటికి పోతారు. మొదట్లో నాకు నవ్వొచ్చేది. మనుషులకి ఇంట్లో అన్నం ఎప్పుడూ రుచించదు కాబోలు అనుకునేదాన్ని.

శేషగిరి, హైమ అలా వచ్చినవాళ్ళే. కాకినాడ వాళ్ళు, అతని ఉద్యోగం కోసం టోక్యోలో కాపురం పెట్టారు. ఆదివారానికో ఊరు, ఆ ఊరి తిండి. అది శేషగిరి పెట్టుకున్న నియమం. మెల్లగా గుండ్రంగా తిప్పాలని హోటలావిడ చేత్తో చూపిస్తూనే ఉంది, అతను కొబ్బరి కోరినట్టు నా మీద బరబరా రుద్దేశాడు. ముద్ద నోట్లో పెట్టుకోగానే కళ్ళు ఎర్రబడ్డాయి.

“అమ్మ బాబోయ్! నషాళానికి అంటిందే హైమా! మన పనసపొట్టు కూరలో ఆవ పెడతారే, అచ్చం అదే ఘాటు. అక్కకి ఇది తినిపించాలి!” అన్నాడు కళ్ళు తుడుచుకుంటూ.

హైమ కడుపుబ్బ నవ్వింది. ఆమె నవ్వడం నేను చూసింది ఆ ఒక్కసారే.

మళ్ళీ వచ్చినప్పుడు ఒక్కతే వచ్చింది. ఎంతమంది అని అడిగితే అలవాటుగా రెండు వేళ్ళు చూపించింది. రెండు గిన్నెలు, రెండు దుంపలు, రెండు తురుముపీటలు వచ్చాయి. నన్ను ఖాళీ కుర్చీ ముందు పెట్టారు. శేషగిరి ఆఫీసు మెట్లెక్కుతూ కూలిపోయాడని, మళ్ళీ లేవలేదని తరవాత ఆమె ఇంట్లో విన్నాను. ఆమె మాత్రం ఆదివారాలు మానలేదు. ఉత్సునొమియా వెళ్ళి గ్యోజాలనే మాంసం కుడుములు తినేది, మిషిమా వెళ్ళి పాముచేప అన్నం తినేది. దేని రుచీ తెలిసేది కాదు. టికెట్టు కొనడం, కిటికీ పక్కన కూర్చోవడం, నమలడం, తిరిగి రావడం. బాధ కూడా తెలియలేదు. కంట ఒక్క చుక్క రాలలేదు.

ఆ చుక్క దగ్గరే తగాదా వచ్చింది. శేషగిరిని ఎత్తుకుని పెంచిన అక్క, రాజ్యం, కాకినాడలో ఉంది. వీసా సమయానికి రాక, తమ్ముడి దహనం ఫోనులోనే చూసింది. హైమ పొడి కళ్ళు కూడా ఫోనులోనే చూసింది. “నా తమ్ముడు పోతే కంట తడైనా పెట్టవేంటే? మనిషివా, బండరాయివా? ఇంక నాకు ఫోన్ చెయ్యకు,” అని పెట్టేసింది. శేషగిరి గురించి మాట్లాడుకోవడానికి హైమకు లోకంలో మిగిలింది ఆ ఒక్క వదినే.

ఆ రోజు హోటల్లో హైమ రెండు దుంపలూ తురిమి ఒకే గిన్నెలో కలుపుకుంది. ఘాటు ముక్కులోంచి నెత్తికెక్కింది, నీళ్ళు బుగ్గల మీదికి జారాయి. హోటలావిడ గబగబా వచ్చి, ఏమీ అడక్కుండా టీ పెట్టి, వీపు నిమిరి వెళ్ళింది. హైమ ఆవిడ వంక చూసి, తరవాత నా వంక చూసింది. తడి కళ్ళకు ఎంత మర్యాద ఉందో అప్పుడే తెలిసినట్టుంది. వెళ్ళేటప్పుడు అడిగి మరీ నన్ను కొనుక్కుంది, కొన్ని దుంపలతో సహా.

ఇల్లు చేరగానే వంటింటి బల్ల మీద తురిమి, చెంచాడు నోట్లో వేసుకుని, వదినకు వీడియో కాల్ చేసింది. రాజ్యం ఎత్తింది. ఆ కళ్ళు చూసి చటుక్కున మెత్తబడింది.

“ఏడువమ్మా, గట్టిగా ఏడువు. బరువు దిగుద్ది,” అంది. ఆవిడ కళ్ళలోనూ ధారలు.

అది మొదలు ప్రతి ఆదివారం ఇదే తంతు. ఊరు వెళ్ళి రావడం, నన్ను బయటకు తీయడం, ఫోను చేయడం. ఇద్దరికీ కళ్ళు కారేవి, ఇద్దరూ శేషగిరిని తలుచుకునేవాళ్ళు. దొంగ పనే, నాకు తెలుసు. అయినా తురుముపీట సలహా ఎవరడుగుతారు? నాకు దిగులనిపించేది ఒక్కటే. కళ్ళు అంతలా కారుతున్నా హైమ మొహంలో ఏమీ కదిలేది కాదు. ఫోను పెట్టేసి, మొహం కడుక్కుని, బట్టలు మడతపెట్టుకునేది.

ఒక ఆదివారం సానో అనే ఊరు వెళ్ళి వచ్చింది. మాటల మధ్యలో, నీళ్ళ సీసాకి ఆనించిన ఫోను పక్కకి జారింది. నేనూ, నా మీది పచ్చటి ముద్దా పూర్తిగా కనబడిపోయాం.

“అదేంటే ఆ పచ్చది? పచ్చడేమన్నా నూరుతున్నావా?” అంది రాజ్యం.

అవునంటే సరిపోయేది. కానీ అబద్ధమాడటానికీ ఓపిక ఉండాలి.

“వసాబి, వదినా. కళ్ళలో నీళ్ళు రావడానికి తింటున్నాను. నాకు ఏడుపు రావట్లేదు. ఆయన పోయిన రోజు నుంచీ రాలేదు.”

ఇక ఈ చుట్టరికం తెగిపోయింది అనుకున్నాను. హైమ కూడా అదే అనుకుందేమో, ఫోను సరిచేసి నిలబెట్టి, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. అప్పుడు అటువైపు బొమ్మ ఊగి, మెల్లగా కిందికి దిగింది. రాజ్యం కాళ్ళ దగ్గర కత్తిపీట ఉంది. పక్కన పళ్ళెం నిండా తరిగిన ఉల్లిపాయలు, పెళ్ళి భోజనానికి సరిపడా.

“నాకూ రావట్లేదే,” అంది రాజ్యం. “నా చేతుల్లో పెరిగినోడు. చుట్టాలంతా నా మొహమే చూస్తా కూర్చున్నారు. ఆ రోజు నీ కళ్ళు చూస్తే నావే కనబడ్డాయి. భయమేసి నిన్ను తిట్టేశాను.”

ఇప్పుడైనా ఏడుస్తారేమోనని నేను ఎదురుచూశాను. ఏడవలేదు. హైమ బుగ్గల మీద వసాబి నీళ్ళు కూడా ఆరిపోయాయి.

“ఇవాళ ఏ ఊరెళ్ళావు?” అంది చివరికి రాజ్యం.

“సానో. నూడుల్స్ తిన్నాను.”

“ఎలా ఉన్నాయి?”

“తెలియలేదు వదినా.”

“తెలియకపోతే పోన్లే. తిన్నావుగా.”

హైమ నన్ను కడిగి, తుడిచి, గరిటెల సొరుగులో పెట్టింది. అప్పటి నుంచి నాతో ఎవరికీ పని పడలేదు. తగరం అరిగిన చోట రాగి నల్లబడుతోంది. ఆదివారం సాయంత్రాలు వాళ్ళ మాటలు చెక్క అవతల నుంచి వినిపిస్తాయి. పోయిన ఆదివారం రాజ్యం కూడా పొద్దున్నే బస్సెక్కి, ఒక్కతే తాపేశ్వరం వెళ్ళి, కాజా తిని, సాయంత్రానికి ఇల్లు చేరిందట. రుచేమీ తెలియలేదట. ఈ వారం పూతరేకులకని ఆత్రేయపురం వెళ్తుందట.