మార్కెట్ మలుపు దగ్గర ఆగిపోయే బస్సు

మా ల్యాప్‌టాప్‌ను ఒళ్ళో పెట్టుకుంటే తొడలు కాలిపోతాయి. అందుకని అది టేబుల్ మీద నాలుగు దవడలపై నిలబడి ఉంటుంది. నిజం దవడలు కావు లెండి. నేను కట్టుడు పళ్ళు తయారుచేసే ల్యాబులో పనిచేస్తాను. అచ్చు సరిగ్గా రాని ప్లాస్టర్ దవడల్ని అక్కడ పారేస్తుంటే తెచ్చుకున్నాను. కింద గాలి ఆడాలి కదా! ఆ మాటకొస్తే ల్యాప్‌టాప్ కూడా వాళ్ళు పారేయబోయినదే. దాని బ్యాటరీ ఎప్పుడో కన్నుమూసింది. వైరు పీకితే ప్రాణం పోతుంది. మా నాన్న దర్జీ, ఇంట్లోనే కుడతాడు. ఆయన ఇస్త్రీపెట్టె వేశాడంటే వోల్టేజీ పడిపోయి నా తెర నల్లబడుతుంది. "నాన్నా, ఇస్త్రీ!" అని నేను అరవడం, "నా పని నేను చేసుకోవద్దా?" అని ఆయన అరవడం మా ఇంట్లో రోజువారీ పలకరింపులు.

ఇంత దిక్కుమాలిన యంత్రం మీద నేను ఆడేది బస్సు నడిపే ఆట. ఉన్నదున్నట్టు ఆడితే పాపం ఎలాగో ఈడ్చుకొస్తుంది. కానీ ఉన్నదున్నట్టు ఎవరాడతారు? నాకు మోడ్స్ కావాలి. ఆటను చేసినవాళ్ళు ఇవ్వనిదాన్ని ఆడేవాళ్ళే తయారుచేసుకుని తగిలించుకుంటే దాన్ని మోడ్ అంటారు. నేను వాన తగిలించాను. వానకి తడిసే రోడ్డు తగిలించాను. గొడుగు దులుపుకుంటూ ఎక్కే ప్రయాణికులు, చిరుగులున్న సీట్లు, "కాస్త జరగండి" అనే గొంతులు, అన్నీ తగిలించాను. అన్నిటికీ మించి, మా అమ్మ నడిపే రూటు మొత్తం తగిలించాను. అమ్మ సిటీ బస్సు డ్రైవరు. ఆ దారంతా ఫొటోలు తీసి, ప్రతి కొట్టూ, ప్రతి కరెంటు స్తంభం నా చేత్తో పేర్చాను. ఎంత ముచ్చటపడి పేర్చానంటే, ఆఖరికి బస్సు కదలడం మానేసింది.

అమ్మ ఇంట్లో కూర్చునేదాకా ఇదంతా నాకు సరదాయే. ఆమె కూర్చున్నాక సరదా తీరిపోయింది.

జరిగింది పెద్దదేమీ కాదు. మార్కెట్ మలుపులో ఒక పెద్దాయన తోపుడు బండితో ఉన్నట్టుండి అడ్డం వచ్చాడు. అమ్మ బ్రేకు వేసింది. బస్సు ఆగింది. బండి ఒరిగి ఆయన మోచేయి గీరుకుంది, అంతే. "తప్పు నాదేనమ్మా" అని తనే చెప్పి, బండి తోసుకుంటూ వెళ్ళిపోయాడు. ఆయన బాగానే ఉన్నాడు. అమ్మ కాలే బాగాలేదు. మర్నాడు బస్సెక్కింది కానీ, ఎదురుగా మనుషులు నడుస్తూ కనబడేసరికి కాలు యాక్సిలరేటర్ మీద ఆనలేదు. వెనకాల వాళ్ళు చెవులు చిల్లులు పడేలా హారన్లు మోగించారు. ఇంకో డ్రైవరు వచ్చి బస్సు తీసుకెళ్ళాడు. డిపో మేనేజరు మంచివాడు కాబట్టి సెలవిచ్చాడు. సోమవారం వచ్చి బస్సయినా ఎక్కమన్నాడు, లేదంటే పాసులిచ్చే కౌంటర్లో కుర్చీ అయినా తీసుకోమన్నాడు. కుర్చీ తీసుకుంటే మళ్ళీ స్టీరింగ్ ముట్టుకునేది లేదు.

సినిమా హాల్లో కూడా కుదురుగా కూర్చోలేని మనిషి మా అమ్మ. ఆమెను కుర్చీకి కట్టేస్తారన్న మాట తలుచుకుంటేనే నాకు ఒళ్ళు మండింది.

"నా ఆటలో నడుపమ్మా" అన్నాను. "ఎవరికీ దెబ్బ తగలదు."

"బొమ్మ బస్సా?" అని మూతి తిప్పింది. కానీ తెర మీద తన దారి కనబడగానే కుర్చీ లాక్కుంది.

ఇలాంటి ఆటలకి తగిలించుకునే పాత స్టీరింగు ఒకటి దొరికింది, దానికి పెడల్స్ లేవు. నాన్న మోటారు మిషను తాలూకు కాలి పెడల్ విప్పి, వైర్లు అతికించి, దాన్నే యాక్సిలరేటర్ చేశాను. నాన్న లబోదిబోమన్నాడు. బ్రేకుకి కీబోర్డులోని పొడుగు మీట సరిపోయింది. అంతా సిద్ధమయ్యాక అమ్మ కూర్చోబోయి ఆగిపోయింది.

"టైర్లు చూసుకోకుండా బండి ఎలా తీస్తానే?"

ఆటలో ఆ ఏర్పాటు లేదని ఎంత చెప్పినా వినలేదు. టేబుల్ చుట్టూ ఒక చుట్టు తిరిగి, నాలుగు దవడల్నీ వేళ్ళతో తట్టి చూసి, అప్పుడు కూర్చుంది.

బస్సు బయలుదేరింది. ల్యాప్‌టాప్ లోపలి ఫ్యాను మోతకి నాన్న సణుగుడు కూడా వినబడలేదు. "నీ బండి రొప్పుతోందే పాపం" అని అమ్మ జాలిపడింది. మార్కెట్ మలుపు వచ్చింది. నేను అక్కడ పేర్చినంత సరంజామా ఇంకెక్కడా పేర్చలేదు. తెర కాస్తా బిగుసుకుపోయింది. బళ్ళు, గొడుగులు, జనం ఎక్కడివాళ్ళు అక్కడే ఆగిపోయారు.

"హ్యాంగయింది" అన్నాను.

"అయిందా? సరేలే, పొయ్యి మీద గిన్నె ఉంది" అని అమ్మ లేచిపోయింది.

మళ్ళీ మొదలుపెట్టాం, మళ్ళీ అక్కడే ఆగింది. ఐసు మూట కట్టి ల్యాప్‌టాప్ పక్కన పెట్టాను. ఇస్త్రీ మీద నిషేధం విధించాను. టేబుల్‌ని వంటింట్లోకి ఈడ్చి, ఫ్రిజ్ తలుపు బార్లా తీసి, దాని ముందు పెట్టాను. "పాలు విరిగిపోతాయే!" అని అమ్మ మొత్తుకుంది. పాలు విరిగాయి కానీ బస్సు మలుపు తిరగలేదు. పగలంతా ఊళ్ళోవాళ్ళకి పళ్ళు చేసి, సాయంత్రం ఇంటికొచ్చి నా పళ్ళు నేను అరగదీసుకున్నాను. అమ్మ మాత్రం హ్యాంగయిన ప్రతిసారీ హాయిగా లేచి వెళ్ళేది. అది కళ్ళారా చూస్తూ కూడా నా బుర్ర వెలగలేదు.

శనివారం నాకు తిక్క రేగింది. ఆటలో అన్నిటికంటే బరువు ఏమిటా అని చూస్తే, జనం. ఒక్కొక్కరికీ ఒక మొహం, ఒక నడక, ఒక తొందర. ఆ మోడ్‌ని తీసి అవతల పారేశాను.

ఇక చూడండి, బస్సు సాఫీగా సాగిపోయింది. అమ్మ మార్కెట్ మలుపు తిప్పేసింది. ఆఖరి స్టాపు దాకా వెళ్ళిపోయింది. నేను ఎగిరి గంతేశాను. నాన్న కత్తెర పక్కన పడేసి చప్పట్లు కొట్టాడు. అమ్మ మొహంలో మాత్రం కళ లేదు. దారిలో ప్రతి స్టాపులోనూ ఆగింది, తలుపు తెరిచింది, కాసేపు ఆగి, మూసింది. ఇదంతా ఎందుకు చేస్తోందా అని నేను నవ్వుకున్నాను కూడా.

"ఎవరూ ఎక్కలేదేమే?" అంది.

"జనాన్ని తీసేశానమ్మా. వాళ్ళ వల్లే హ్యాంగవుతోంది."

"నా కాలు హ్యాంగయ్యేదీ వాళ్ళ వల్లే కదే" అంది అమ్మ. "ఊరు ఖాళీ చేయించి నడపమంటే ఎవరైనా నడుపుతారు. సోమవారం డిపోవాళ్ళు నాకోసం ఊరు ఖాళీ చేయిస్తారా?"

అమ్మ స్టీరింగ్ మీంచి చేతులు తీసేసింది. "కౌంటరే తీసుకుంటాలే. నీకెందుకీ తిప్పలు?" అని లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. ఆ తలుపు చప్పుడు కూడా చేయలేదు, అదే నన్ను ఏడిపించింది. అమ్మ కోపంతో తలుపు వేస్తే ఇంట్లో గోడలన్నీ అదరాలి. ఏడుపంతా కోపంగా మార్చి నాన్న మీద విరుచుకుపడ్డాను. "నీ ఇస్త్రీ వల్లే!" అన్నాను. అప్పుడసలు ఇస్త్రీపెట్టె వేసి లేదు.

నాన్న తాపీగా దారం కొరికాడు. "మొన్న ఒకాయన గుడ్డ చాలకుండా తెచ్చాడు. జేబు మానేశాను. మడతలు మానేశాను. కాలరు చిన్నది చేశాను. వీపు మాత్రం మానేయలేదు. నువ్వేమో వీపు కత్తిరించేసి జేబులు అట్టేపెట్టావు."

ఆదివారం పొద్దున్నే కూర్చుని జేబులు కత్తిరించడం మొదలుపెట్టాను. వాన పోయింది. తడి రోడ్డు పోయింది. నీడలు, చెట్లు, కొట్ల మీద బోర్డులు, ఆ తర్వాత కొట్లే పోయాయి. నా చేత్తో పాతిన కరెంటు స్తంభాలు కూడా ఒక్కొక్కటే లెక్కపెడుతూ పీకాను. బస్సు రంగు తీసేశాను. చివరికి ఆకాశం కూడా తీసేశాను. జనాన్ని మాత్రం మొహాలతో, నడకలతో, తొందరలతో సహా తిరిగి తెచ్చి, మార్కెట్ మలుపులో ఇంకొంతమందిని పోశాను. వాళ్ళలో తోపుడు బండితో ఒక ముసలాయన్ని కూడా పెట్టాను.

అమ్మని బతిమాలి, బామాలి కూర్చోబెట్టాను. "ఇదేంటే, ఊరంతటికీ సున్నం కొట్టావా?" అంది. తెల్లటి శూన్యంలో బూడిదరంగు రోడ్డు ఒక్కటే. దాని పక్కన ఒకావిడ లేని కొట్టు ముందు నిలబడి చేతులు తిప్పుతూ గట్టిగా బేరమాడుతోంది. ఒకాయన లేని గోడకి ఆనుకుని పేపరు చదువుతున్నాడు. ఇంకొకాయన లేని వానకి గొడుగు పట్టాడు. అమ్మ పొట్ట చేత్తో పట్టుకుని నవ్వింది. ఇన్ని రోజుల్లో ఆమె నవ్వడం అదే మొదలు. స్టాపుల్లో జనం ఎక్కారు, దిగారు. "నిదానం, నిదానం" అని అమ్మ వాళ్ళకి చెబుతూనే ఉంది.

మార్కెట్ మలుపు వచ్చింది. బస్సు ఆగింది.

"హ్యాంగయింది" అని అమ్మ లేవబోయింది.

"కాలేదమ్మా" అన్నాను. "చూడు, గొడుగాయన నడుస్తూనే ఉన్నాడు. అందరూ కదులుతూనే ఉన్నారు. నువ్వే ఆగావు."

అమ్మ మళ్ళీ కూర్చుంది. ఇన్నాళ్ళూ ఆ హ్యాంగ్ చాటున ఆమె దాక్కుందని నాకు అప్పుడు అర్థమైంది. ఇప్పుడు ఆ చాటు లేదు. ముసలాయన బండి తోసుకుంటూ సరిగ్గా బస్సు ముందుకి వచ్చాడు. అమ్మ కాలు పెడల్‌కి పైన గాలిలో ఉంది. నేను ఏదైనా అంటే చెడిపోతుందని నోరు మూసుకున్నాను. బస్సులోని ప్రయాణికులకి ఆ ఇంగితం లేదు. "పోనివ్వండి డ్రైవరుగారూ!" అని గోల పెట్టారు.

"ఉండండి!" అని అమ్మ తెర మీదకి కసురుకుంది. "పెద్దాయన దాటొద్దూ?"

ఆయన దాటాడు. బండి చక్రాలు అవతలి అంచు ఎక్కేదాకా అమ్మ కళ్ళార్పకుండా చూసింది. నాన్న ఎప్పుడు వచ్చాడో తెలియదు, టేబుల్ కింద నేల మీద బోర్లా పడుకుని ఉన్నాడు.

"ఆనింది!" అని కింద నుంచి కేకపెట్టాడు. "కాలు ఆనిందే!"

బస్సు మలుపు తిరిగింది. నేను బావురుమన్నాను. "దేనికే ఏడుపు, ఎవరికీ ఏమీ కాలేదుగా" అని అమ్మ రోడ్డు మీంచి చూపు తిప్పకుండా అంది.

సోమవారం నేను ల్యాబుకి సెలవు పెట్టి, అమ్మకి తెలియకుండా బస్సులో వెనక సీట్లో కూర్చున్నాను. బస్సు కిక్కిరిసి ఉంది. అసలు మార్కెట్ మలుపులో అసలు జనం, నా ఆటలో ఎన్నడూ పట్టనంత మంది, ఎటు పడితే అటు దాటుతున్నారు. బస్సు ఆగింది. ఒక తల్లి ఇద్దరు పిల్లల్ని లాక్కుంటూ దాటింది. ఒక సైకిలు దాటింది. బస్సు ఇంకా ఆగే ఉంది. అప్పుడు సీటు కింద ఇంజను గుర్రుమంది. మెల్లగా, చాలా మెల్లగా, మలుపు తిరిగాం.

ఆఖరి స్టాపులో అందరూ దిగాక, నేను ముందుకి వెళ్ళాను. అమ్మ జేబురుమాలుతో అరచేతులు తుడుచుకుంటోంది.

"అద్దంలో చూశానే నిన్ను" అంది. "బస్సులో అంతమంది ఉన్నారు, అందరికంటే నీ మొహమే భయంగా ఉంది. నీ వంక చూస్తూ కూర్చుంటే కదిలేదాన్నే కాదు. అందుకే రోడ్డు వైపు చూశాను."

నేను ఆమె భుజం పట్టుకోబోయాను. అమ్మ చేత్తో తలుపు చూపించింది.

"తర్వాత పట్టుకుందువులే, ముందు దిగవే. జనం ఎక్కుతున్నారు."