వానకోయిల ఆటకి కొత్త మనిషి

డెజ్మండ్ రే వెళ్ళిపోతున్నాడన్న కబురు వెల్కా ఊళ్ళో గుప్పుమనేసరికి మొక్కజొన్న చేలు మోకాలెత్తుకి వచ్చాయి. దక్షిణాదిన ఏదో పెద్ద కాలేజీ అతన్ని రమ్మంది. అక్కడి స్టేడియంలో మన ఊరు లాంటి ఊళ్ళు పాతిక పడతాయట. ఎవరూ తప్పు పట్టలేదు. బేకరీ ఆవిడ దారిలో తినమని గసగసాలు కూరిన తీపి బన్నులు, కొలాచీలు, ఒక డబ్బా నిండా కట్టిచ్చి, అతని బుగ్గ పుణికి, లోపలికి పోయి ఏడ్చింది.

సామాన్లు లోరెన్ హాషెక్ కారులోకి ఎక్కించాడు. రెండేళ్ళుగా ఇద్దరిదీ ఒకటే గది. చివరి సంచీ పెట్టాక ఇద్దరూ కాసేపు కారుకి చేరబడి, రోడ్డవతల ధాన్యం గాదెల మీద వాలుతున్న పావురాల్ని చూస్తూ నిలబడ్డారు.

"నా మంచం నువ్వు తీసుకోరా. కిటికీ పక్కది," అన్నాడు డెజ్.

"సరే," అన్నాడు లోరెన్.

కారు దుమ్ములో కలిసిపోయింది.

వెల్కా కాలేజీ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టులో డెజ్‌కి ఫలానా చోటంటూ ఉండేది కాదు. ఒకసారి మైదానం అంచున నిలబడి బంతి అందుకునేవాడు. ఒకసారి బంతి పంచే క్వార్టర్‌బ్యాక్ పక్కన నక్కేవాడు. ఒక్కోసారి పరిగెడుతున్నవాడు కాస్తా ఆగి తనే బంతి విసిరేవాడు. దాడి ఆటలు నేర్పే ముసలి కోచ్ ఆరిన్ టీగ్ అతని కోసమే 'వానకోయిల' అని పిట్ట పేరు పెట్టి ఒక ఆట, అంటే ఒక ఎత్తు, అల్లాడు. జట్టువాళ్ళంతా వంగి రాళ్ళలా కదలకుండా ఉంటారు. బంతి ఇంకా నేల మీంచి లేవదు. అప్పుడు డెజ్ ఒక్కడే ఆ చివర్నుంచి ఈ చివరికి, వరుస వెనకగా, రివ్వున దూసుకొస్తాడు. క్వార్టర్‌బ్యాక్ కేడ్ వోండ్రా బంతిని అతని పొట్టలో పెట్టినా పెడతాడు, పెట్టినట్టు నటించి తనే ఉంచుకున్నా ఉంచుకుంటాడు. ఏదైనా సరే, ఎదుటి జట్టు కళ్ళన్నీ డెజ్ వెంటే పోయేవి. బంతి లేని డెజ్‌ని నలుగురు తరుముకుంటూ పోతుంటే, అసలు బంతి మరో దారిన నింపాదిగా వెళ్ళేది.

ఆగస్టులో సాధన మొదలైంది. కోచ్ టీగ్ జట్టులో వడిగల కుర్రాళ్ళని ఒక్కొక్కర్నే వానకోయిల చేసి చూశాడు. మొదటివాడు వేగంలో మెరుపే, కానీ బంతి తనకి వచ్చేటట్టయితే ముందే నాలుక బయట పెట్టి గుట్టు చెప్పేసేవాడు. రెండోవాడు వేగం ఆపుకోలేక కేడ్‌ని గుద్దుకోవడంతో ఇద్దరూ కలిసి పొర్లారు.

"నేను పిట్టని అడిగితే ట్రాక్టర్ని పంపిస్తారేంట్రా!" అని టీగ్ టోపీ తీసి నేలకేసి కొట్టాడు.

లోరెన్ ఈ లెక్కలో లేనే లేడు. మూడేళ్ళుగా జట్టులో ఉన్నాడు, మైదానంలోకి దిగింది బహు తక్కువ. ఎత్తరి, నెమ్మది మనిషి, చేతులు మంచివి. అయితే మనిషి ఇక్కడుంటే మనసు ఇంకెక్కడో మేస్తుండేది. ఈల వేసినా వినపడేది కాదు. "అయ్యా లోరెన్ గారూ, తెల్లారిందా?" అని కేడ్ రోజుకోసారైనా పలకరించేవాడు. లోరెన్‌కి కోపం వచ్చేది కాదు. నిజంగానే ఒక్కోసారి తెల్లారినట్టుండేది అతనికి.

ఆ మధ్యాహ్నం ఎండ తేనెలా చిక్కగా ఉంది. నది వైపు నుంచి ఒక తూనీగల గుంపు వచ్చింది. వందలు, వేలు. మైదానం మీద మోకాలెత్తున, ఏ తొందరా లేకుండా, అన్నీ ఒకే వైపు సాగుతున్నాయి. రెక్కల మీద వెలుగు పడి గాలే మెరుస్తున్నట్టుంది. ఆట ఆగిందనుకున్నాడు లోరెన్. ఇంత అందం వచ్చాక ఎవరు మాత్రం ఆడతారు? అంచున తన చోటు వదిలి, వాటి పక్కనే, అవి పోయే వైపే, వరుస వెనకగా నడుచుకుంటూ పోయాడు.

ఆట ఆగలేదు. వానకోయిల కావాల్సినవాడు తప్పు వైపు పరిగెత్తాడు. బంతి చేతికొచ్చిన కేడ్‌కి ఏం చెయ్యాలో తోచలేదు. ముందు నుంచి ఎవరో పోతుంటే ఆ మనిషి పొట్టలో బంతి పెట్టేశాడు. లోరెన్ అలవాటుగా చెయ్యి మడిచాడు, నడుస్తూనే ఉన్నాడు. ఎదుటివాళ్ళు అతని మీంచి చూపు దాటించి అటూ ఇటూ వెతుకుతున్నారు. పాయింట్లిచ్చే చివరి గీత దాటాక తూనీగలు పైకి లేచి చెట్ల మీంచి పోయాయి. అప్పుడు గానీ చేతిలో బంతి ఉన్నట్టు అతనికి తెలీలేదు.

అందరూ పడిపడి నవ్వారు. టీగ్ ఒక్కడే నవ్వలేదు.

"ఏం చేశావురా ఇప్పుడు?"

"తూనీగలు, కోచ్."

"మళ్ళీ చెయ్యి."

"అవి వెళ్ళిపోయాయి, కోచ్."

"ఒరే, వాటిని కాదు, నిన్ను అడుగుతున్నాను!"

అలా డెజ్ చోటు లోరెన్‌కి దక్కింది. దక్కిన మరుక్షణం నుంచీ అతను పాడైపోయాడు. రివ్వున రావాలని ప్రయత్నించాడు. డెజ్‌లా భుజం వంచాడు, డెజ్‌లా మెడ తిప్పాడు. మొదటి పోటీలో బంతి జారవిడిచాడు. రెండోదాంట్లో అతన్ని పట్టిన కుర్రాడు లేవదీస్తూ, "పాపం, ఎవర్నో అనుకరిస్తున్నావు కదన్నా?" అన్నాడు జాలిగా. ఆ జాలే దెబ్బకన్నా గట్టిగా తగిలింది.

ఆదివారం ఇంటికి పోతూ, దారిలో బండి పక్కకి ఆపి డెజ్‌కి ఫోన్ చేశాడు.

"ఎలా ఉందిరా అక్కడ?"

"ఇక్కడా?" అన్నాడు డెజ్. "ఇక్కడ నాలాంటి వాళ్ళు నలుగురున్నార్రా. నాకన్నా ముందు ముగ్గురు. బెంచీ మాత్రం మెత్తగా ఉంటుంది."

ఇద్దరూ నవ్వారు.

"నువ్వు చేసింది నాకు రావట్లేదు డెజ్. నువ్వు పరిగెత్తేటప్పుడు ఏం అనుకునేవాడివి?"

"ఏమీ అనుకోను. బంతి నాకిచ్చారో లేదో నాకే పట్టేది కాదు. పరిగెత్తడం అంటే ఇష్టం, అంతే. ఆ కాసేపూ ఊళ్ళో నేనొక్కడినే ఉన్నట్టుండేది. నువ్వు పరిగెత్తకురా బాబూ. పరిగెత్తడం నీకు ఇష్టం లేదు, నాకు తెలీదా? పొద్దున్నే బాత్రూముకి కూడా నువ్వు కల్లో నడిచినట్టు పోయేవాడివి."

ఇంటికి చేరేసరికి తండ్రి మిలాన్ చేలో ఉన్నాడు. ఆ ఏటికి ఆఖరి తడి పెడుతున్నాడు. చేను మధ్య కుదురు నుంచి చక్రాల మీద చాచిన పొడుగాటి ఇనప చెయ్యి, నీళ్ళు చిలకరిస్తూ, పొలం చుట్టూ గుండ్రంగా తిరుగుతోంది. చూస్తుంటే కదలదు. పక్కకి చూసి మళ్ళీ చూస్తే ఇంకో చోట ఉంటుంది.

"ఒక గొట్టం మూసుకుపోయినట్టుంది. చూసిరా," అన్నాడు మిలాన్.

లోరెన్ ఆ ఇనప చేతి వెంట నడిచాడు. నీటి తుంపర్లలో చిన్న చిన్న ఇంద్రధనుస్సులు పుట్టి పోతున్నాయి. గట్టున ఒక జింక మేస్తోంది. ఇంత పెద్ద యంత్రం తన వైపే వస్తున్నా అది తలెత్తలేదు. లోరెన్ దానికి చెయ్యి చాస్తే అందేంత దగ్గరగా వెళ్ళాడు. అతన్నీ యంత్రంలో భాగమే అనుకుందేమో, చెవి మాత్రం ఆడించింది. అతను దాన్ని దాటి వెళ్ళి, గొట్టంలో ఇరుక్కున్న రాయి తీసి, తడిసి ముద్దయి తిరిగొచ్చాడు.

"ఏంట్రా, నీలో నువ్వే నవ్వుకుంటున్నావు?"

"ఏం లేదు నాన్నా. వచ్చే శనివారం ఆట చూడ్డానికి రా."

శనివారం గ్రాంబీ కాలేజీతో పోటీ. కోతల దుమ్ము గాల్లో నిలిచి సూర్యుడు రాగి పళ్ళెంలా ఉన్నాడు. చివరి భాగంలో వెల్కా వెనకబడి ఉంది. టీగ్ సైగ చేశాడు. కేడ్ అంచు వైపు చూసి గొణిగాడు, "దేవుడా, వీణ్ణి మేలుకొలుపు."

లోరెన్ మేలుకోలేదు. తడిసిన చేలో నడుస్తున్నట్టు, చెప్పుల కింద మట్టి మెత్తగా దిగబడుతున్నట్టు, వరుస వెనకగా కదిలాడు. జనం అరుపులు ఎక్కడో ఊరవతల వాన పడుతున్నట్టు వినిపించాయి. పొట్టలో ఏదో బరువు పడింది. చెయ్యి మడుచుకుంది. గ్రాంబీ కుర్రాళ్ళు కేడ్ మీద పడ్డారు. ఒకడు లోరెన్ పక్కనుంచే, భుజం రాసుకుంటూ, కేడ్ వైపు పరిగెత్తాడు. ఎదురుగా మైదానమంతా ఖాళీగా, పచ్చగా, ఎవరిదీ కానట్టుగా ఉంది. ఈ ఖాళీలోకేనా డెజ్ రోజూ వచ్చిపోయేది అనుకున్నాడు. గుండె నిండిపోయింది.

ముప్ఫై గజాలు వెళ్ళాక ఎవడో "వాడి దగ్గరరా! ఆ నడిచేవాడి దగ్గర!" అని కేకేశాడు. అప్పుడు పరిగెత్తాడు లోరెన్, కానీ అతని పరుగు అతని పరుగే కదా. గీతకి కాస్త ఇవతలే పట్టేసి పడేశారు. ఆ వెంటనే కేడ్ తనే బంతి పట్టుకుని గీత మీదికి దూకాడు. వెల్కా గెలిచింది. మెట్ల మీద మిలాన్ చప్పట్లు కొట్టడం మరిచిపోయి, పక్కవాడి పాప్‌కార్న్ తినేశాడు.

ఆ తర్వాత ఏం జరగాలో అదే జరిగింది. ఆ ఆట వీడియో అన్ని కాలేజీలూ చూశాయి. లోరెన్ ఎటు నడిస్తే అటు ఇద్దరు కుర్రాళ్ళు నీడల్లా వెంట నడవడం మొదలెట్టారు. ఇక అతనికి బంతి ఇవ్వడం కుదిరేది కాదు. ఆ ఇద్దరూ వదిలిన చోటు గుండా కేడ్, మిగతావాళ్ళు దర్జాగా వెళ్ళిపోయేవారు.

"బాధగా ఉందా?" అని అడిగాడు టీగ్ ఒకరోజు, మైదానం పక్క బెంచీ మీద కూర్చుని సూప్ తాగుతూ. "బంతి రావట్లేదని."

లోరెన్ ఆలోచించాడు. "లేదు కోచ్. నడవనిస్తున్నారు కదా."

టీగ్ సూప్ గిన్నె దించాడు. "డెజ్ వెళ్ళిపోయినప్పుడు వాడి కొలతకి ఇంకో కుర్రాణ్ణి వెతికాను. తప్పురా. నీ కొలతకి ఆట కుట్టాల్సింది," అని గిన్నె అడుగున మిగిలింది అతని చేతికిచ్చాడు.

సీజన్ ఆఖరి పోటీ నవంబరులో. తొలి మంచు రాలుతోంది, దూదిలా, చప్పుడు లేకుండా. అటు గోల్ దగ్గర జనం ఏదో గోల పెడుతున్నారు. ఆట అక్కడ నడుస్తోంది. ఈ చివర, తెల్లబడుతున్న గడ్డి మీద, లోరెన్ నడుస్తున్నాడు. వెనక ఒక్కడే మిగిలాడు, ఎదుటి జట్టు కుర్రాడు, రొప్పుతూ.

"అన్నా, నిజం చెప్పు. బంతి నీ దగ్గరుందా?"

లోరెన్ ఆగి, చేతులు విప్పి చూసుకున్నాడు. అరచేతుల్లో మంచు పడి కరుగుతోంది.

"లేదనుకుంటా తమ్ముడూ," అన్నాడు.

"అయితే మనం ఎక్కడికి పోతున్నాం?"

"ఇంకొంచెం దూరం," అన్నాడు లోరెన్. ఆ కుర్రాడు ఒకసారి వెనక్కి చూసి, ఏమనుకున్నాడో, అతని పక్కకి వచ్చి అడుగు కలిపాడు.