సున్నం వేసిన రాళ్లు

ఆ ఆదివారం ఉదయం ఇసుక దిబ్బ మీదికి వెళ్లేసరికి మరో గూడు ఖాళీ అయిపోయి ఉంది. చుట్టూ మేం పేర్చిన తెల్ల రాళ్లు ఒక్కటీ కదల్లేదు. లోపల పెంకు ముక్కలున్నాయి. తల్లి ఉల్లంకి పిట్ట కాస్త దూరంలో, పొడుగాటి కాళ్ల మీద అటూ ఇటూ పరుగెడుతోంది. ఇక మిగిలింది ఒకే గూడు.

ఏరు సముద్రంలో కలిసే చోట ఉంది ఆ దిబ్బ. ఉల్లంకులు ఒడ్డున బురదలో పురుగులు ఏరుకు తిని, ఉత్త ఇసుకలోనే చిన్న గుంట చేసి గుడ్లు పెడతాయి. ఒకప్పుడు మంద లేస్తే నీళ్ల మీద నీడ పడేదట. ఇప్పుడు ఏటేటా తగ్గిపోతున్నాయి. గుడ్లది ఇసుక రంగే. పక్కన నిలబడ్డా కంటికి ఆనవు, ఇసుక తోలే ట్రాక్టర్ల వాళ్లకు అసలే కనిపించవు. మావారు బతికుండగా, గుడ్లు పెట్టే కాలమంతా తెల్లవారగానే వెళ్లి ట్రాక్టరు ముందు నడిచి దారి చూపించేవారు. గుర్తులు మాత్రం పెట్టేవారు కాదు. బద్ధకమనుకున్నాను. ఎందుకని ఎన్నడూ అడగలేదు.

ఆయన పోయాక ఇదే మొదటి కాలం. నాకు బడి ఉంది, రోజూ వెళ్లలేను. అందుకని మా తరగతి పిల్లల చేత రాళ్లకు సున్నం వేయించి, ప్రతి గూటి చుట్టూ పేర్పించాను. పిల్లలు మోచేతుల దాకా సున్నం పూసుకున్నారు. ట్రాక్టర్లు నిజంగానే తప్పుకుని పోయాయి.

"పిట్టలక్కూడా సొంతిళ్లు కట్టించారు. మాకెప్పుడండీ టీచరుగారూ?" అని ట్రాక్టరు డ్రైవరు నవ్వితే, నేను పొంగిపోయాను.

ఆదివారం నాతో మా ఆడపడుచు వచ్చింది. నేను పెంకు ముక్కలకేసి చూస్తుంటే ఆమె పైకి చూస్తోంది. కాకి ఒకటి వచ్చింది. వెతుక్కోలేదు. తిన్నగా మిగిలిన గూటి తెల్ల రాళ్ల మీద వాలబోయింది. ఆమె చెప్పు విసిరింది. కాకి కాస్త జరిగి కూర్చుంది.

"కాకులకి అడ్రసు రాసిచ్చావు కదే వదినా!" అంది. మళ్లీ తనే, "అన్నయ్య అందుకే గుర్తులు..." అని ఆపేసింది. వంగి ఒక తెల్ల రాయి చేతిలోకి తీసుకుంది.

ఇద్దరం రాళ్లన్నీ ఏరి నీళ్లలో పారేశాం. అంతలో ట్రాక్టరు వచ్చింది.

"ఏంటండీ, ఇల్లు పీకేస్తున్నారు? అద్దె కట్టలేదా?"

"ఆ వైపు రావద్దు బాబూ."

"ఏ వైపండీ? అంతా ఒకేలా ఉంది."

నిజమే. మేం ముందు నడిచి దారి చూపించాం.

"రేపట్నుంచి పొద్దున్నే నేనొచ్చి కూర్చుంటా. నువ్వు బడికి పో," అంది ఆడపడుచు. "నాకూ వంట ఎగ్గొట్టే వంక దొరికింది."

సోమవారం బడికి వెళ్తే, గోడ వారన ఇంకో కుప్ప రాళ్లు ఆరుతున్నాయి. ఎవరూ చెప్పకుండానే పిల్లలు సున్నం వేశారు.

"టీచర్, పిట్ట పిల్లలు పుట్టాయా?" అని ముందు బల్ల పిల్ల అడిగింది.

"ఇంకా పొదుగుతోంది," అన్నాను. ఆ ఒక్క గూటి మట్టుకు అది అబద్ధం కాదు.

మిగతా గూళ్లు ఏమయ్యాయో, ఎవరి వల్ల అయ్యాయో పిల్లలకు ఇంకా చెప్పలేదు.