బండి నడిపినవారి పేరు

తెల్ల బండి మీద పసుపు పడితే తొందరగా పోదు. స్వరూప తడిగుడ్డతో ఒకసారి తుడిచింది. సబ్బు నీళ్లతో మరోసారి తుడిచింది. అత్త భాగ్యమ్మ వేలితో దిద్దిన స్వస్తిక్ గుర్తు ముందు రేకు మీద ఇంకా లేతగా కనిపిస్తూనే ఉంది. బండి వాళ్లది కాదు, కంపెనీది. నాలుగు రోజులు నడిపి, ఎట్లా ఉందో పత్రికలో రాయమని హైదరాబాదు నుంచి స్వరూపకు పంపారు. మంగళవారం వచ్చి తీసుకుపోతారు.

కానీ జనగామలో వాళ్ల వాడంతా స్వరూప భర్త వేణు కారు కొన్నాడనే అనుకుంది. ఎదురింటి పోశమ్మ నిన్న పొద్దున్నే కొబ్బరికాయ తెచ్చింది. మాది కాదు అనడానికి భాగ్యమ్మకు నోరు రాలేదు. నలుగురూ కొడుకును మెచ్చుకుంటుంటే ఆమెకు ఇంపుగానే ఉంది. నాలుగు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టించింది. వేణు స్టీరింగు ముందు కూర్చున్నాడు. స్వరూప హారతి పళ్లెం పట్టుకుని నిలబడింది. అతను క్లచ్చి ఒక్కసారే వదిలేసరికి బండి ఎగిరి ఆగిపోయింది. నిమ్మకాయలు రెండే పగిలాయి. కొత్త బండి కదా, మొండికేస్తుందని భాగ్యమ్మ అందరికీ సర్దిచెప్పింది. ఎవరూ స్వరూప వైపు చూడలేదు.

ఆమెకు బండి నేర్పింది తండ్రి భిక్షపతి. రఘునాథపల్లిలో పత్తి బస్తాలు మోసే డీసీఎం వ్యాను అతనిది. పదహారేళ్లకే స్వరూప దాన్ని పత్తి చేల మధ్య వెనక్కి నడిపేది. తర్వాత హైదరాబాదులో బండ్ల పత్రికలో అచ్చుతప్పులు దిద్దే పనిలో చేరింది. రెండేళ్లు బతిమాలితే నడిపి రాయడానికి ఒక బండి ఇచ్చారు. ఇంజను సంగతి మగవాళ్లు రాస్తారు, డిక్కీలో కూరగాయల సంచులు ఎన్ని పడతాయో నువ్వు రాయి అన్నారు. సంచుల సంగతి ఒక్క ముక్కలో రాసి, బ్రేకుల సంగతి రెండు పేజీలు రాసింది. ఆ తర్వాత ఆమె రాతను ఎవరూ ఆపలేదు. మద్రాసు పోయి పందేల్లో నడిపింది. ఒకసారి మూడో స్థానం, రెండుసార్లు మొదటి స్థానం. పెళ్లి చూపుల్లో వేణు ఆ కప్పులను చేతిలోకి తీసుకుని మరీ మెచ్చుకున్నాడు. పెళ్లయ్యాక పందెం మాట ఎత్తితే, పిల్ల పుట్టాక చూద్దాం అన్నాడు. పిల్ల పుట్టింది. బడికి పోయినాక చూద్దాం అన్నాడు. తొమ్మిదేళ్లు గడిచాయి. రాయడం మాత్రం వదల్లేదు. కూర పొయ్యి మీద వేసి, అది ఉడికేలోపు రాసేది.

వచ్చే నెల భూపాలపల్లి అడవి రోడ్ల మీద రెండు రోజుల ఆడవాళ్ల కార్ల ర్యాలీ పందెం ఉంది. ఈ కంపెనీ వాళ్లే ఒక బండి ఇస్తామన్నారు. ఎడిటర్ సాగర్ ఆమె పేరు రాసి పంపాడు. ముప్పై తొమ్మిదేళ్ల వయసులో ఇంకొకసారి. ఈ సంగతి ఇంట్లో ఎట్లా చెప్పాలా అని వారం నుంచి మాటలు కూడగట్టుకుంటోంది.

గుడ్డ పిండుతుండగా వేణు వచ్చి తాళం అడిగాడు. మహబూబాబాద్‌లో చెల్లె సుమలత ఇంటికి అందరం పోదాం, ఆమె కూడా బండిని చూస్తుంది అన్నాడు. తాను తప్ప ఇంకెవరూ నడపకూడదని సంతకం పెట్టిన కాగితం సంగతి స్వరూప చెప్పింది.

"సంతకం నీదైతే నేనెవరిని? పరాయోణ్ణా?"

మొగుడు పక్కన కూర్చుంటే పెండ్లాం నడుపుడు ఎక్కడన్నా ఉందా అని గడపలోంచి భాగ్యమ్మ అందుకుంది. ఇప్పుడు కాదంటే ఇల్లు భగ్గుమంటుంది. అప్పుడు ర్యాలీ మాట ఎత్తే దారి కూడా ఉండదు. ఆ ఒక్క లెక్కతో స్వరూప తాళం ఇచ్చింది.

వేణు స్టీరింగు ముందు, అతని పక్కన భాగ్యమ్మ కూర్చున్నారు. స్వరూప, కూతురు రక్షిత వెనక. స్వరూప ఒడిలో గారెల డబ్బా. దంతాలపల్లి దగ్గర రోడ్డు ఎడమకు తిరుగుతుంది. అక్కడ కంకర లేచి ఉంది. బండి ఎంత జోరు మీదుందో ఆమెకు అరికాళ్లలో తెలిసింది. డబ్బా కింద కుడికాలు దానంతటదే నేలను తొక్కింది.

"గేరు తగ్గించు. ఇప్పుడే."

"ఎనక కూసున్నోళ్లు నోరు మూసుకోండ్రి."

బండి జారిపోయి రోడ్డు పక్కన కల్వర్టు మోరీ గోడను గుద్దింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. ముందు భాగం నుజ్జయింది. చాయ్ హోటల్ దగ్గరి మనుషులు ఉరికొచ్చారు. అందరూ దిగి నిలబడ్డారు. తలపాగా చుట్టుకున్న ఒక పెద్దమనిషి బండినీ, వీళ్లనూ మార్చి మార్చి చూశాడు.

"ఆడామె నడిపిందా?"

వేణు ఒక్క క్షణం స్వరూపను చూశాడు.

"ఔ పెద్దాయనా. ఈమెనే."

ఆడోళ్లకు బండి ఇస్తే గిట్లనే ఉంటది అని ఎవరో నవ్వారు. భాగ్యమ్మ కొంగు సర్దుకుంది. రక్షిత తల్లి ముఖంలోకి చూసింది. స్వరూప కింద పడ్డ గారెలను డబ్బాలోకి ఏరింది.

మర్నాడు కంపెనీ నుంచి ఫోనుకు ఒక కాగితం వచ్చింది. అందులో ఒక గడి: ప్రమాద సమయంలో బండి నడిపినవారి పేరు. నీ పేరే రాయి అన్నాడు వేణు. ఇన్సూరెన్సు నీ మీదనే ఉంది, రోడ్డు మీద కూడా అట్లనే చెప్పినం, నా పేరు రాస్తే ఆఫీసులో నా ఇజ్జత్ ఏం గావాలె అన్నాడు. ఇంటి మగోణ్ణి కాపాడుకునుడు ఆడిదాని పనే బిడ్డా అని భాగ్యమ్మ మెత్తగానే చెప్పింది. ఆమె అంత మెత్తగా మాట్లాడి చాలా ఏళ్లయింది.

స్వరూప వంటింట్లోకి పోయి కూర్చుంది. తన పేరు రాస్తే ర్యాలీ పోతుంది. ఉన్న బండినే గుద్దినామెకు ఇంకో బండి ఎవరిస్తారు? కానీ పత్రిక పని ఉంటుంది, ఇల్లు చల్లగా ఉంటుంది. నిజం రాస్తే ర్యాలీ పోతుంది, పని కూడా పోతుంది. నమ్మి ఇచ్చిన తాళం ఇంకొకరి చేతిలో పెట్టింది తనే కదా. ఎట్లా చూసినా భూపాలపల్లి లేదు. అది తెలిశాక కళ్లలో నీళ్లు వచ్చాయి. తుడుచుకుంది. గడిలో వేణు పేరు రాసింది. ఎవరూ అడగకపోయినా కింద ఇంకో ముక్క రాసింది. తాళం అతనికి నేనే ఇచ్చాను, తప్పు నాది. పంపేసింది.

సాయంత్రం సాగర్ ఫోను చేశాడు. గొంతులో కోపం లేదు, అలసట ఉంది. కంపెనీ వాళ్లు ఇక ఆమెకు బండి ఇచ్చేది లేదన్నారట. పత్రిక కూడా ఏమీ చేసే దారి లేదట, ఆమె పని పోయినట్టేనట. ర్యాలీకి ఇంకెవరి పేరో పోయిందట.

"నువ్వే నడిపినట్టు రాసేస్తే అయిపోయేది కదమ్మా. ఇన్సూరెన్సు వచ్చేది, నీ పని నీకుండేది. అంతా తెలిసినదానివి, ఎందుకిట్లా చేశావు?"

ముందు గదిలో టీవీ చప్పుడు ఆగింది. వేణు వింటున్నాడని ఆమెకు తెలుసు. గొంతు తగ్గించలేదు.

"గా మలుపుల నేను గుద్దను సార్."