గరిటె మోగే ఇంజను

రాన్ తాత మిషను కింది బకెట్టు లాగి, రెండు చేతులా ఎత్తి, నీళ్లు తొణక్కుండా కాలవ దాకా మోశాడు. అది నడకా అంటే నడక కాదు, ఊగడం. నేల ఎప్పుడు పక్కకు ఒరుగుతుందో అన్నట్టు రబ్బరు బూట్ల కాళ్లు ఎడంగా వేస్తాడు. తాత పనిచేసే చోటు, చైనాలోని చోంగ్‌చింగ్‌లో యుద్ధకాలంలో బాంబులకు భయపడి కొండ కడుపులో తవ్వుకున్న పాత సొరంగం అది. ఇప్పుడు డాన్సు క్లబ్బు. గాలిలో తడి పీల్చి బకెట్లలోకి కార్చే ఈ మిషన్లు పగలంతా తిరగకపోతే రాత్రికి కుర్రకారు డాన్సు మాని ఈత కొట్టాల్సిందే. ఓసారి అక్కడ గోడకు ఆనించిన చీపురు చిగురేసింది. వంటవాడు ఆ చిగురు కోసి కూర వండేశాడు. అబద్ధమనుకుంటే తిన్నవాళ్లనే అడగండి.

తాత చెవులు ఎప్పుడో పోయాయి, మాటలు పెదాలు చూసి పట్టుకుంటాడు. వయసంతా యాంగ్జీ నది మీద ప్రయాణికుల పడవలో ఇంజను పక్కనే గడిపితే పోవా మరి? ఆ ఇంజను మోతకు రెండొడ్డుల కోళ్లూ అదిరిపడి, సాయంత్రం పెట్టాల్సిన గుడ్డు పొద్దున్నే పెట్టేసేవి. తాత మాత్రం ఆ మోతలోనే పసిపిల్లాడిలా నిద్రపోయేవాడు. ఇనుప గోడకు అవతల వంటగది, అందులో భార్య యున్‌పెయ్. అన్నం వేళకు గరిటెతో గోడ మీద టంగుమని కొట్టేది. చెవికి వినిపించకపోయినా వీపుకు తెలిసేది.

పడవను తుక్కు కింద కోసేశారు. ఆ చలికాలమే యున్‌పెయ్ పోయింది. అప్పట్నుంచి తాతకు కంటినిండా నిద్ర లేదు. మంచం కదలదు, గోడ మోగదు. కళ్లు మూస్తే నిశ్శబ్దం వచ్చి గుండెల మీద కూర్చుంటుంది. ఈ పనిలో చేరింది జీతానికి కాదు. మధ్యాహ్నం పూట డీజే పాటలు సరిచూసుకుంటుంటే, స్పీకరుకు వీపు ఆనించి ఓ కునుకు తీయొచ్చని.

ఇవాళ కొత్త బాస్ పెట్టె దిగింది, లోతు మోత పలికే స్పీకరు. బీరువా అంత ఉంది. తాత బకెట్టు పక్కన పడేసి దానికి ఆనుకున్నాడు.

"అప్పుడే చేరావా తాతా? నీ వీపుకు అద్దె కట్టిస్తా ఉండు!" అంది డీజే మౌ యిన్. ఆ పిల్ల జుట్టు పాలకూర రంగు.

"కట్టించుకో పిల్లా. ముందా పరుగు ఆపు. నీ పాట కుక్క తరిమిన మేకలా ఉంది."

"ఆ స్పీడు లేకపోతే జనం ఆడరు."

"మా ఇంజను కొండల్నే ఆడించింది. ఆ మోత ఒక్కసారి వాయించవే. ఈ పెట్టెకు ఆ గొంతుంది. నా వీపు చెబుతోంది."

ఎన్నోసార్లు అడిగాడు. ప్రతిసారీ నవ్వి దాటేసింది. ఇవాళ అతని మొహం చూసి నవ్వలేకపోయింది. స్పీడు మీట వెనక్కి తిప్పింది.

"చాలా?"

"ఇంకా మెల్లగా. ఎదురు నీళ్లమ్మా, బరువెక్కాలి."

"ఇప్పుడో?"

"ఆ... ఆ... అదిగో!" తాత అరచెయ్యి పెట్టె మీద పరిచాడు. "అన్నీ ఉన్నాయి. గరిటె ఒక్కటే లేదు."

మౌ యిన్ అటూ ఇటూ చూసి, సీసా మూత తీసే ఇనప ముక్కతో మెట్ల కమ్మీ మీద కొట్టింది. ఆ చప్పుడును పాటల మిషనులోకి పట్టి మోతలో కలిపింది. ధబ్... ధబ్... టంగ్.

"వస్తున్నా! వస్తున్నా! ఏమేవ్, చేప మాడ్చకు!" అని అరిచి, తాత పకపకా నవ్వాడు. నవ్వుతూనే కళ్లు మూశాడు.

మేనేజరు ఆవులిస్తూ వచ్చాడు. "ఏం పాటే ఇది? ఇది వేస్తే రాత్రికి జనానికి పరుపులు పరవాలి!"

"ష్! తాత పడుకున్నాడు."

అతను గొణుక్కుంటూ పోయాడు. ఆమె తన తీగలు సర్దుకుంటూ ఆ మోతను చాలాసేపు సాగనిచ్చింది. ఆపక తప్పని వేళకు ఆపింది. మోత ఆగితే తాత ఎప్పుడూ ఉలిక్కిపడి లేచేవాడు. ఇవాళ లేవలేదు. ఆమె వెళ్లి భుజం మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి అలాగే ఉండిపోయింది.

తాతను పైకి మోసుకెళ్లారు. ఇంజను మనుషులు బూట్లతోనే పడుకుంటారు, ఎప్పుడు పిలుపొస్తుందో తెలీదు కనుక. పడవ రేవుకు కట్టాకే విప్పుతారు. బాస్ పెట్టె పక్కన తాత తనే విప్పుకున్న రబ్బరు బూట్లు, మడమలు గోడకు తాకేలా, పొందిగ్గా పెట్టి ఉన్నాయి.